తోడల్లుడి వాన

చిన్నల్లుడి పెరట్లో ఉన్న వాన కొలిచే డబ్బాను పెద్దల్లుడు రెండు చేతులా ఎత్తి, గులాబీ మొక్క మొదట్లో ఒంపేశాడు. అడుగున రెండు వేళ్ళ నీళ్ళు మాత్రం ఉంచాడు. మరీ ఎండగడితే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా.

గోడ దూకి, సైకిలెక్కి, కొండ దాటి తన ఇంటికి చేరేసరికి ఎనిమిదయింది. నీళ్ళ ఆఫీసు వాళ్ళు కొండకి ఇటో డబ్బా, అటో డబ్బా పెట్టి, రోజూ ఎనిమిదిన్నరకి కొలత రాసే పని తోడల్లుళ్ళిద్దరికీ అప్పగించారు. మనవాడు తన డబ్బాలో ఓ చెంబెడు నీళ్ళు పోసి, అప్పుడు కొలిచాడు.

"పొద్దున్నే ఎటు వెళ్ళొచ్చారు?" అంది భార్య.

"వ్యాయామానికి."

"ఇంత వానలోనా?"

"మీ నాన్న నిన్న ఏమన్నాడో విన్నావుగా. వాన కూడా చిన్నల్లుడి మొహం చూసే కురుస్తుందట. ఆఫీసు వాళ్ళు పటం గీస్తున్నారు. ఎవరి వైపు ఎంత కురిసిందో రంగుల్లో తేలుతుంది. అప్పుడు చూస్తాడు నా మొహం."

ఆ వానాకాలం నాలుగు నెలలూ కొండ దాటుతూనే ఉన్నాడు. సైకిలుకి రెండు జతల టైర్లు అరిగాయి. చిన్నల్లుడి గులాబీ మొక్క చూరు దాటి పెరిగింది. అదృష్టం ఏమిటంటే, గోడ ఎక్కడానికి ఎవరో మరిచిపోయిన ముక్కాలి పీట ఒకటి రోజూ అక్కడే ఉండేది.

వానలు వెళ్ళిపోయాక, ఆఫీసు ఇంజనీరు వచ్చి చిన్నల్లుడి వసారాలో పటం పరిచాడు. తోడల్లుళ్ళు, మామగారు వంగి చూశారు. పెద్దల్లుడి వైపంతా చిక్కటి నీలం. చిన్నల్లుడి వైపు మాడిపోయిన ఎరుపు.

"నీలమంటే ఏమిటండీ?" అడిగాడు పెద్దల్లుడు, మామగారికి వినబడేలా.

"నీళ్ళు మిగులు."

"మరి ఎరుపు?"

"కరువు."

"విన్నారా మామగారూ."

"విన్నానులేవయ్యా."

ఇంజనీరు పెన్సిలు తీసి, నీలంలోంచి ఎరుపులోకి పొడుగ్గా గీత గీశాడు. "మిగులున్న చోటి నుంచి కరువున్న చోటికి కాలువ తవ్వుతాం. మీ చెరువులో సగం నీళ్ళు ఇటొచ్చేస్తాయి. కాలువ మీ పొలం నడిమధ్య నుంచే."

పెద్దల్లుడు ఆ గీత మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "అయ్యా, ఇటు కూడా బాగానే కురిసిందండీ. నా వైపు కంటే ఎక్కువే."

"మీకెలా తెలుసు?"

 

"ఎనిమిదిన్నరకి డబ్బాలో ఎంతుంటే అంతే రాశానన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు వినయంగా. "ఒక్క చుక్క అబద్ధం లేదు."

"అందుకే నువ్వు బంగారమయ్యా," అని మామగారు అతని భుజం తట్టారు.

మరదలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెద్దల్లుడి చేతికిచ్చి, మెల్లగా అడిగింది.

"ఇక ఆ పీట లోపల పెట్టేసుకోనా బావగారూ? రోజూ మీకోసం గోడ దగ్గర వేసి వేసి, తడికి దాని కాలొకటి పుచ్చిపోయింది."