కోలుకున్న వందన

చివరి రోజు నా భార్య వందన రెండు చెంచాల జావ తాగింది. సాయంత్రం నస్పూర్‌లోని మా ఇంట్లోనే కన్నుమూసింది.

ఆమె తమ్ముడు లక్ష్మణ్ సైంటిస్టు. తాను కనిపెట్టిన మందును అక్కకే ఇచ్చి, దాని మీద పేపర్ రాశాడు. ఇవాళ పరామర్శకు వచ్చాడు.

“బావా, నా పేపర్‌ను నాలుగు వందల మంది సైంటిస్టులు తమ పేపర్లల్ల పేర్కొన్నరు. అక్క దేశదేశాల ఎరుకైంది.”

“అండ్ల అక్క సంగతి ఏం రాసినవ్?”

“పూర్తిగా కోలుకున్నదని. అప్పుడు జర నయమైంది గదా.”

“మరి గిప్పుడు దిద్దుతవా?”

“దిద్దితే గా పేరంత పోతది బావా. అక్క ఉంటే గూడ వద్దంటుండె.”

రేపు పొద్దున ధర్మపురిలో, గోదావరి ఒడ్డున, కోలుకున్న అక్కకు అతని చేతే పిండం పెట్టిస్తాను. అక్క మనసు తీరి పిట్ట ముట్టే దాకా అతన్ని లేవనివ్వను.