పుట్ట తవ్విన చేతులు

"పుట్టలోంచి బూజు తీసేటప్పుడు ఇంకేం ముట్టుకున్నావు? నిజం చెప్పు," అని నిలదీశాను.

మా ల్యాబుకి చెదపుట్టలు తవ్విపెట్టే పెద్దాయన గుమ్మం బయటే ఆగిపోయాడు.

ఆయన తెచ్చిన బూజు చుట్టూ, గాజుపళ్ళెంలో మేం పెంచిన రోగక్రిములన్నీ చచ్చిపోతే, కొత్త మందు దొరికిందని ఊరంతా చాటాను. తర్వాత నేనే వెళ్ళి, గ్లవ్స్ వేసుకుని అదే పుట్టలోంచి తీసిన బూజుకి ఒక్క క్రిమీ చావలేదు.

"ఏం ముట్టుకోలేదమ్మా. చెదలు కొరికి నెత్తురొస్తుంటే వేళ్ళకి ఆయింట్‌మెంట్ రాసుకున్నాను, అంతే."

క్రిముల్ని చంపింది పుట్టలోని బూజు కాదు, మందుల షాపులో కొన్న ట్యూబు.

"నా పరువు తీశావు కదయ్యా. గ్లవ్స్ వేసుకోవాలని తెలీదా?"

"అడిగానమ్మా. మట్టి పిసికే చేతులకి గ్లవ్స్ దేనికన్నారు మీరు."

అన్నాను. ఆ రోజు ఆ మాటకి ల్యాబులో అందరూ నవ్వారు కూడా.

అప్పుడు చూశాను ఆయన వేళ్ళని. గాట్లు ఇంకా మానలేదు. నేను చూడటం గమనించి చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"పొరపాటు నాదేనమ్మా. ఈసారి ఎంత కొరికినా మందు రాసుకోను," అన్నాడు.

గ్లవ్స్ తొడుక్కున్న నా చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.