సుకన్య నడిపిన కారు

“ఇరవై కిలోమీటర్లు గూడ రాలే, ఈ పెట్రోలుతో ఇంకెంత దూరం పోతదో చూపెట్టే అంకె యాభై తగ్గింది. కారు ఖరాబైందా బిడ్డా?”

పోయిన నెల గుండెపోటుతో కన్నుమూసిన భార్య సుకన్య సామాన్లు పటాన్‌చెరులో ఆమె పనిచేసిన ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకోవడానికి, మాణిక్యం మొదటిసారి ఆమె కారు తీశాడు.

“ఖరాబేం గాలే నాన్నా,” అంది పక్కనున్న కూతురు నిఖిత. “నడిపే తీరును బట్టి లెక్క కడ్తది. ఇన్నాళ్లు అమ్మ మెల్లగ నడిపింది. నువ్వు ఉరికిస్తున్నవ్. ఇప్పుడు నీ తీరుకు మారుతున్నది.”

రుద్రారం దగ్గర మాణిక్యం కారును రోడ్డు పక్కకు ఆపాడు.

“నేనిట్లనే నడిపితే అమ్మ తీరు మొత్తం పోతదా?”

నిఖిత కళ్లు తుడుచుకుంది. “పోతది నాన్నా.”

అతను బటన్ నొక్కి ఇంజన్ ఆపేసి దిగాడు.

“ఇగ నేను నడప బిడ్డా. ఆటోల పోదాం.”