ఆఖరి మనిషి వెనకాల

ఆమె మంచులో బోర్లా పడింది. ఈ గంటలో ఇది మూడోసారి.

"లే తల్లీ. అలాగే పడుకుంటే గడ్డకట్టిపోతావు" అన్నారెవరో వెనక నుంచి.

ఆమెకు ఒళ్ళు మండింది. మంచులో కూడా మండగల ఒళ్ళు ఆమెది.

తల తిప్పి చూసింది. మెడ దాకా జిప్పు లాగిన ఆరెంజ్ కోటు. అరవై దాటిన మొహం. మీసాల నిండా మంచు.

ఇంకెవరు, తోకాయనే!

ఈ కొండ పరుగులో అందరికంటే వెనకబడ్డ మనిషి వెనకాల నిర్వాహకుల మనిషి ఒకడు వస్తాడు. పేరుకు కాపలా. ఇక లాభం లేదనిపిస్తే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బండెక్కించేదీ అతనే. అందుకే పరిగెత్తేవాళ్ళంతా అతనికి 'తోక' అని పేరు పెట్టారు. ఆరెంజ్ కోటులో వస్తాడని బయల్దేరేటప్పుడే చెప్పారు.

పోయిన ఏడాదీ, ఆ ముందు ఏడాదీ ఆమె అలా బండెక్కినదే.

ఈ పరుగులో ఎవరికైనా మూడే అవకాశాలు. మూడోసారి కూడా గడువులోగా చేరకపోతే పేరు కొట్టేస్తారు. ఇక జన్మలో రానివ్వరు.

ఆమెకిది మూడోసారి.

నిన్న పొద్దున మొదలుపెట్టిన నూరు కిలోమీటర్లలో ఇంకా ఆరు మిగిలాయి. టైము మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మూడు కొట్టేలోగా కొండ కింద గేటు దాటాలి.

ఆమె బేకరీలో రొట్టెలు కాలుస్తుంది. చదువు సగంలో పోయింది. కాపురం సగంలో పోయింది. ఇదొక్కటైనా చివరిదాకా చెయ్యకపోతే అద్దంలో తన మొహం తనే చూసుకోలేదు.

"నన్ను బండెక్కించడానికేగా వచ్చారు?" అంది లేస్తూ.

"ఈ మంచులో బండెక్కడిదమ్మా! నడు, నడు."

"మీరలా వెంటపడుతుంటే శని పట్టినట్టుంది. కాస్త దూరంగా రండి."

"సరే, అలాగే" అని ఆయన నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

గాలి పెరిగింది. ఆమె గ్లవ్స్ ఎప్పుడో తడిసి ముద్దయ్యాయి. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

"ఏమండీ! మీ దగ్గర పొడి గ్లవ్స్ ఉండాలిగా?" గద్దించినట్టే అడిగింది. "ఇవ్వడం మీ పనేగా?"

ఆయన తన చేతుల వంక ఓసారి చూసుకున్నాడు.

"నా పనే అనుకో" అని తన చేతులకున్నవి విప్పి ఇచ్చాడు.

"మరి మీకు?"

"నాకు జేబులున్నాయిగా."

ఆమె గ్లవ్స్ తొడుక్కుంది. థాంక్స్ చెప్పలేదు. డ్యూటీ చేసేవాడికి థాంక్సేమిటి? తెల్లారేసరికి ఊరందరికీ రొట్టెలు కాల్చిపెడితే తనకెవరు చెప్పారు గనక!

రెండు గంటలయ్యేసరికి దారి మాయమైంది. గుర్తు కోసం పాతిన జెండాలన్నీ మంచులో కూరుకుపోయాయి. ఎటు చూసినా తెలుపే. మోకాళ్ళ దాకా దిగబడుతోంది.

ఆమె కూలబడిపోయి, చిన్నపిల్లలా ఏడ్చేసింది.

"నా వల్ల కాదు. నా బతుకే ఇంత. ఏదీ చివరిదాకా రాదు. రాసిపెట్టి లేదు."

ఆయన వాచీ చూసుకున్నాడు. కొండ కిందికి చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు.

"ఏడుపు కింద ఏడుద్దువుగాని. అక్కడ వెచ్చగా ఉంటుంది" అంటూ ఆమెను దాటి ముందుకెళ్ళి, మంచును కాళ్ళతో తొక్కి దారి చెయ్యడం మొదలుపెట్టాడు. "నా అడుగులో అడుగెయ్యి. ఇంకేమీ చూడకు."

"తోక ముందుకు రాకూడదుగా? రూలు ఒప్పుకోదు."

"ఎవరితో చెప్తావ్? మంచుతోనా?"

ఆమెకు ఏడుపులో నవ్వొచ్చింది. లేచింది.

అడుగులో అడుగు. దారి పొడుగునా ఆయన వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. డ్యూటీ దిగే టైమైనట్టుంది అనుకుందామె.

చివరికి కింద గేటు కనిపించింది. మధ్యలో నిట్టనిలువు జారుడు, దిగడానికి ఒకటే తాడు. ఒకసారికి ఒక్కరే దిగాలి. మూడింటికి పది నిమిషాలుంది.

"నువ్వు దిగు."

"మీరు?"

"నీ వెనకాలే."

ఆమె రెండు చేతులా తాడు పట్టుకుని, కిందపడి మీదపడి దిగింది. పంటి బిగువున పరిగెత్తింది. గేటు దాటేసరికి రెండూ యాభై ఏడు. ఎవరో దుప్పటి కప్పారు, ఎవరో లోపలికి తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. జీవితంలో మొదటిసారి ఒక పని చివరిదాకా చేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

వేడి టీ కడుపులో పడ్డాక సిగ్గేసింది.

"మీ తోకాయన్ని కాస్త పిలవండి. నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఆయన గ్లవ్స్ కూడా నా దగ్గరే ఉన్నాయి" అంది, రిజిస్టరు రాసేవాడితో.

"తోకా? గాలి ముదరగానే అతన్ని రెండో మజిలీలోనే ఆపేశామండీ. మీ వెనక మావాళ్ళెవరూ లేరు."

"లేకపోవడమేంటి? ఆరెంజ్ కోటు, మీసాలు... నా వెనకే వచ్చాడు."

"ఓ, ఆయనా? ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఉత్త చేతులతో తాడు పట్టు దొరక్క జారి పడ్డాడు పాపం. వేళ్ళు నల్లబడిపోయాయి."

ఆమె కప్పు కింద పెట్టేసింది.

"అయితే ఎవరాయన?"

అతను రిజిస్టరు ఆమె వైపు తిప్పి, ఎర్ర సిరాతో కొట్టేసిన ఆఖరి పేరు చూపించాడు.

"పరుగుకొచ్చినాయనేనండీ, మీలాగే ఆయనకీ మూడోసారి, నాలుగు నిమిషాలు ఆలస్యమైంది."