నూజివీడు చార్మినార్

“కొంచెం కుడివైపు జరగండమ్మా. మీ కొప్పు వెనక ఒక మినారు మాయమైపోయింది.”

బుల్లెమ్మ జరిగింది. పక్కన ఆమె మొగుడు భావనారాయణ, పెళ్లినాటి కోటులో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. వెనక చార్మినార్. ఎడంపక్క మక్కా మసీదు, కుడిపక్క గాజుల బజారు, ముందు రిక్షాలు, ఆకాశం నిండా పావురాలు. అన్నీ గుడ్డ మీదే. నూజివీడు బస్టాండు దగ్గర రత్నబాబు ఫొటో స్టూడియోలో వేలాడే తెర అది.

“చార్మినార్ పక్కన మామిడిచెట్టేంటయ్యా?” భావనారాయణ వెనక్కి తిరిగి చూశాడు.

“క్యాలెండర్ చూసి వేశానండి. దాంట్లో ఆ మూల చిరిగిపోయింది. ఖాళీగా ఉంటే బాగోదని మన చెట్టు పెట్టా,” అన్నాడు రత్నబాబు. “కలర్ ఫొటో అండీ, కాస్త నవ్వండి.”

భావనారాయణకి నవ్వు రాలేదు. తప్పంతా తనదే మరి. పెళ్లయిన దగ్గర్నుంచీ హైదరాబాద్ తీసుకెళ్తానంటూనే ఉన్నాడు. చాట్రాయిలో తోట. కాయలు దిగాక వెళ్దాం అంటాడు. కాయలు దిగేసరికి వానలు, వానలయ్యాక దున్నకం, ఆపైన పూత, పూతకి మందు కొట్టడం, మళ్లీ కాయలు. మామిడితోట ఉన్నవాడికి ఏడాది పొడుగునా తీరికంటూ ఉండదు. బుల్లెమ్మ ఎలాగో సర్దుకుపోయేదే, ఆడపడుచు జగదాంబ లేకపోతే.

జగదాంబది ఉంగుటూరు. కాశీ నుంచి వస్తూ ఆగ్రా చూసొచ్చామని, మొగుడితో కలిసి తాజ్ మహల్ ముందు దిగిన ఫొటో గుమ్మానికి ఎదురుగా తగిలించింది. ఇంటికొచ్చినవాళ్లకి ముందు ఫొటో, తర్వాతే మంచినీళ్లు. “ఆ పాలరాయి ఎంత చల్లగా ఉంటుందనుకున్నావ్! అరికాళ్లు జివ్వుమన్నాయి,” అంటుంది. ఆ మాట మొదలయ్యేసరికి మొగుడుగారికి పెరట్లో ఏదో పని గుర్తొస్తుంది. పాపం, ఎన్నిసార్లని వింటాడు!

ఆమధ్య ఒక పెళ్లిలో జగదాంబ నలుగురి ముందూ, “మా బుల్లెమ్మకి నూజివీడు కోట సెంటరు దాటితే లోకం అయిపోయినట్టే,” అంది. అందరూ ఘొల్లున నవ్వారు. బుల్లెమ్మకి ఏడుపొచ్చినంత పనైంది.

“మేమూ వెళ్తున్నాం వదినా, వచ్చేవారం. హైదరాబాద్,” అనేసింది.

ఆ వచ్చేవారం గాలివాన వచ్చింది. భావనారాయణ తోటలో రాలిన కాయలు ఏరిస్తూ ఉండిపోయాడు. అన్న మాట మాత్రం అలాగే ఉంది. అందుకని రత్నబాబు దగ్గరికి రావాల్సి వచ్చింది.

ఫొటో ఒక్కటీ ఉంటే చాలదని బుల్లెమ్మకి తెలుసు. పక్కింటి మగ్దలేనమ్మ టీచరు హైదరాబాద్‌లో ట్రైనింగ్ అయింది. ఆవిడ దగ్గర కూర్చుని చార్మినార్ సెంటరంతా ఎక్కాల పుస్తకంలా బట్టీ పట్టింది.

అనుకున్నట్టే జగదాంబ వచ్చి కూర్చుంది.

“పైకెక్కారా?”

“ఎక్కాం వదినా. మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి. మీ తమ్ముడికి కళ్లు తిరిగాయి.”

భావనారాయణ చప్పున తల పట్టుకున్నాడు.

“పైనుంచి ఏమేం కనిపించాయే?”

“ఓ పక్క మక్కా మసీదు. ఇంకో పక్క కమాన్లు, వాటి మధ్యలో ఫౌంటెను. దగ్గర్లోనే యునానీ ఆస్పత్రి, అదీ రాజుల కోటలాగే ఉంటుంది. ఇవిగో గాజులు, మీకోసం అక్కడే తీసుకున్నా.”

గాజులు నూజివీడు బజారువే. జగదాంబ ముచ్చటగా తొడుక్కుని ఫొటో చేతిలోకి తీసుకుంది. “కలరే!” అంది. ఆ గొంతులో కుళ్లు విని బుల్లెమ్మ కడుపు నిండిపోయింది.

“మరి ఈ మామిడిచెట్టేంటే?”

మగ్దలేనమ్మ చెప్పిన పాఠంలో ఇది లేదు.

“నిజాం గారు నాటించారట వదినా. మొక్క మన నూజివీడు నుంచే వెళ్లిందట!”

“అలాగా,” అంది జగదాంబ. ఫొటో వెనక్కి తిప్పి చూసింది. బల్ల మీద పెట్టేసి కాఫీ అడిగింది. ఆ తర్వాత హైదరాబాద్ ఊసే ఎత్తలేదు.

ఆవిడ బస్సెక్కాక బుల్లెమ్మ ఫొటో తిప్పి చూసింది. ఊదారంగు ముద్ర. రత్నబాబు ఫొటో స్టూడియో, నూజివీడు.

“ఏమండీ, కొంప మునిగింది!”

“ఫిలిం కడిగించింది ఇక్కడని చెబితే పోలా?” అన్నాడు భావనారాయణ.

“వదిన వెళ్లి అతన్నే అడిగితే?”

ఆ రాత్రి ఆమెకి కంటిమీద కునుకు లేదు. తెల్లారి పనులు ముగించుకుని స్టూడియోకి పరిగెత్తింది.

“మా వదిన వచ్చి అడిగితే ఫిలిం కడిగానని చెప్పు నాయనా. నా పరువు నీ చేతిలో ఉంది.”

“మీకా భయం వద్దమ్మా,” అన్నాడు రత్నబాబు. “ఎవరు ఏ ఊరు వెళ్లొచ్చారో ఇంకోళ్లకి చెబితే ఈ ఊళ్లో నాకు అన్నం పుడుతుందా?”

అంతలో బయట రిక్షా ఆగింది. జగదాంబ దిగుతోంది. వెనకాలే మొగుడుగారు, ఇస్త్రీ బట్టల్లో. సాక్ష్యానికి ఆయన్ని కూడా వెంటబెట్టుకొచ్చిందన్నమాట! బుల్లెమ్మ గబుక్కున చార్మినార్ వెనక్కి దూరింది. ఇక ఏ పెళ్లిలోనూ, ఏ పేరంటంలోనూ తలెత్తుకోలేను అనుకుంది.

“లోపల ఎవరూ లేరు కదా బాబూ?” జగదాంబ గొంతు వినిపించింది.

“లేరండీ.”

“మా బుల్లెమ్మ వాళ్ల ఫొటో తీసింది నువ్వేగా?”

రత్నబాబు కెమెరా తుడవడం మొదలెట్టాడు. తెర వెనక బుల్లెమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఏడుకొండలవాడికి మొక్కుకుంది. జగదాంబ గొంతు తగ్గించింది.

“ఈసారి తాజ్ మహల్ వద్దు బాబూ, మాక్కూడా చార్మినారే వెయ్యి.”