మనవాడే

టెస్టర్ మేడమ్ కంప్యూటర్ తెరను నావైపు తిప్పింది. రేపు కస్టమర్లకు వెళ్లాల్సిన నా అప్లికేషన్‌లో, ఆవిడ పరీక్షకని పంపిన దొంగ ప్రోగ్రామ్ దర్జాగా తిష్ఠవేసి, ఫైళ్లన్నీ చెరిపేస్తోంది.

"బయటి ప్రోగ్రామ్ ఏదొచ్చినా తనిఖీ చేశాకే లోపలికి రానిస్తుంది మేడమ్," అన్నాను, మీసం ఇంకా దించకుండానే.

"ఆ తనిఖీ చూశాను. నువ్వు మనవాడివేనా అని వచ్చినదాన్నే అడుగుతోంది. అవునని చెప్పమని రాసి పంపాను, అంతే."

రేపటి రిలీజ్ ఆగిపోయింది. దొంగను పిలిచి నువ్వు దొంగవా అని అడిగి, కాదంటే కుర్చీ వేసి కూర్చోబెట్టే తెలివి నాది. ఇంత వెర్రిబాగులవాడు భూప్రపంచంలో ఇంకొకడుండడని నన్ను నేను తిట్టుకుంటూనే సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కి తలుపు తట్టాను.

"ఎవరూ?" అని లోపలినుంచి వినిపించింది.

"నేనే," అన్నాను.

వెంటనే గడియ తీసిన చప్పుడైంది. నా మొహమైనా చూడకుండా వంటింట్లోకి తిరిగి వెళ్లిపోతూ, "చేతులు కడుక్కోరా, వడ్డిస్తాను," అంది ఒక పెద్దావిడ.

ఆవిడెవరో నాకు తెలియదు. మా ఇల్లు ఆ పై అంతస్తులో.