రెండో నంబరు ఫైలు

కోచ్ ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లగానే షర్టుల సెక్షన్ సూపర్‌వైజర్ ఆమె టేబుల్ సొరుగు లాగాడు.

లోపల రెండే ఫైళ్లు. పేర్లు లేవు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకూడదని ఆవిడ నంబర్లు వేసుకుంది. ఒకటి, రెండు.

షోరూమ్‌లో మేనేజర్ పోస్టు ఖాళీ అయింది. పోటీలో ఉన్నది ఇద్దరే. తను, చెప్పుల సెక్షన్ సూపర్‌వైజర్. ఇద్దరికీ కాస్త మెరుగులు దిద్దమని ఓనరే ఈ కోచ్‌ని పెట్టాడు. వారానికి చెరో గంట.

తనకి ఆవిడ నేర్పేదేముంది? కానీ ఆ చెప్పులవాడు, తను ముద్దుగా ‘నత్త’ అని పిలుచుకునేవాడు, ఆరు వారాల్లో గుటకలు మింగడం మానేశాడు. కస్టమర్ కళ్లలోకి చూసి మాట్లాడుతున్నాడు. పోస్టు వాడికి పోతే పద్నాలుగేళ్ల సర్వీసున్న తను వాడి ముందు చేతులు కట్టుకు నిలబడాలి.

ఎక్కడైనా తనే ఫస్టు. కాబట్టి రెండో నంబరు నత్తదే. గబగబా అందులో ఆవిడ రాసిన పేజీని ఫోన్‌లో ఫొటో కొట్టి, సొరుగు మూసి, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

కోచ్ తిరిగొచ్చింది. “ఎక్కడ ఆపాం? ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా...”

“వినాలి! అది నాకు వచ్చేసింది మేడమ్.”

ఇంటికెళ్లి ఆ ఫొటో భార్యకి చూపించాడు. నత్త కథలు రోజూ వినీ వినీ చెవులు చిల్లులు పడ్డ మనిషి ఆమె. చదువుతూనే పడీ పడీ నవ్వింది.

“ఎక్స్‌రే తీసినట్టు రాసిందండీ మహాతల్లి!”

“పద్నాలుగేళ్లుగా చూస్తున్నాగా, అచ్చం అంతే!” అన్నాడు గర్వంగా. ఆ పేజీ పడుకునేలోపు కంఠతా వచ్చేసింది.

మర్నాడు ఇంటర్వ్యూ. ఓనర్ పక్కన కోచ్ కూర్చుంది.

“నువ్వు మేనేజరయ్యావే అనుకో, ఆ చెప్పుల సెక్షన్ ఆయనతో...” అని ఓనర్ మొదలుపెట్టాడు.

“ఇబ్బందేనండీ!” అందుకున్నాడు. “కింద పనిచేసేవాళ్ల కష్టాన్ని తన గొప్పగా చెప్పుకుంటాడు. తప్పు జరిగితే వాళ్ల మీదికి తోస్తాడు. తెలియనిది తెలియదని చచ్చినా ఒప్పుకోడు. సలహా ఇస్తే తల ఊపుతాడు, గుమ్మం దాటగానే మర్చిపోతాడు. ఇలాంటి మనిషికి పదిమందిని అప్పగిస్తే షోరూమ్ మునుగుతుంది.”

ఓనర్ తన ముందున్న కాగితం మీద పెన్సిల్‌తో ఒక్కో వాక్యానికీ టిక్కు పెడుతున్నాడు. కోచ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. షర్టుల సూపర్‌వైజర్ కాలర్ సర్దుకున్నాడు.

ఓనర్ పెన్సిల్ పక్కన పెట్టాడు.

“అక్షరం పొల్లు పోలేదయ్యా. ఆవిడ సొరుగులోది నీ చేతికెలా వచ్చిందో తర్వాత తేలుద్దాం. ముందు ఒక్కటి తెలుసుకో, రెండో నంబరు ఆయన కాదు, నువ్వు.”